ఎడంచేతి ముడి

చిలకలపూడిలో తెల్లారిందని చెప్పడానికి కోడి కూయనక్కర్లేదు. ఒక అరుగు మీద పట్టకారు టిక్కుమంటుంది, పక్కింట్లో చిన్న సుత్తి అందుకుంటుంది, అంతే, వీధి లేచినట్టే. బందరు గిల్టు నగలంటే ఊరూరా ఆడవాళ్ళకి మోజు గానీ, అవి తయారయ్యే వీధిలో ఆడవాళ్ళ మెడల్లో పెద్దగా ఏమీ కనిపించదు. పొద్దస్తమానం నగల మధ్య కూర్చునేవాళ్ళకి అవి మొహం మొత్తకుండా ఎలా ఉంటాయి?

జైతూన్ బీ ఆ సోమవారం కూడా ఆరింటికే అరుగు మీద చాప పరుచుకుని, పళ్ళెంలో పూసలు పోసుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. భర్త పోయి పన్నెండేళ్ళయింది. తీగకి పూసలు గుచ్చి దండలు కట్టడం ఆమె పని. ఆమెది ఎడంచేతి వాటం. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆ చెయ్యి మాన్పించాలని నానా తంటాలూ పడి, కోడలు గుచ్చిన మొదటి దండ చూశాక ఆ ఊసెత్తడం మానేసింది.

ఒకప్పుడు బందరులో సాయిబుల ఇంట పెళ్ళి కుదిరిందంటే లచ్చా జైతూన్ బీ చేతిదే అయ్యుండాలి. లచ్చా అంటే ఐదు పేటల నల్లపూసలు, మధ్యమధ్య బంగారు గుండ్లు. నిఖా అయ్యాక పెళ్ళికొడుకు తల్లి దాన్ని కోడలి మెడలో కడుతుంది. అలాంటి లచ్చాలు ఎన్ని వందలు గుచ్చిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు మాత్రం రెండేళ్ళుగా ఒక్కటీ ముట్టుకోలేదు. గొలుసులు చేస్తుంది, జూకాలకి పూసలు ఎక్కిస్తుంది, పసిపిల్లలకి దిష్టిపూసలు కడుతుంది. లచ్చా అంటే మటుకు తల అడ్డంగా ఊపుతుంది. ఎందుకని వీధిలో ఎవరూ అడగలేదు. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆమె పెద్దకూతురు జోహ్రా దివిసీమలో అత్తారింటి దగ్గర కొట్టుకుపోయింది కదా, ఎవరికి నోరొస్తుంది అడగడానికి?

ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు. అసలు ఆ ఇంట్లో మాటలే తక్కువ. కొడుకు నబీకి ఇరవై ఎనిమిదేళ్ళు. శోభనాద్రిగారి కార్ఖానాలో నగలకి బంగారు పూత పట్టే పని. పొద్దున్నే వెళ్ళిపోతాడు, మధ్యాహ్నం అన్నానికి వస్తాడు. "ఉప్పు సరిపోయిందా నాయనా?" అని తల్లి అడుగుతుంది. "సరిపోయిందమ్మా" అని కొడుకు అంటాడు. రెండేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ దాదాపుగా అంతే. చిన్నకూతురు జహీదాకి పంతొమ్మిదేళ్ళు. ఆ ఇద్దరి మౌనాల మధ్యా గిన్నెలు తోముకుంటూ, తనలో తాను పాడుకుంటూ, ఒక్కోసారి ఆ పాట కూడా మధ్యలో ఆపేసి బతుకుతోంది. పాపం ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది. గుడివాడలో సైకిలు షాపు నడుపుకునే బాజికి ఇస్తున్నారు. నిఖా వచ్చే వారం శుక్రవారం.

ఆ పొద్దున ప్యాసింజరు బండికి గుడివాడ నుంచి బాజి తల్లి దిగింది. లావుపాటి మనిషి, గలగల మాట్లాడుతుంది. అరుగు మీదే చతికిలబడి, చెంగు ముడి విప్పి ఒక అగ్గిపెట్టె తీసింది. అందులో దూది మీద ఆరు బంగారు గుండ్లు.

"మా ఇంట్లో ఒక పద్ధతుంది వదినగారూ. ఇవి మా అత్తగారి అత్తగారివి. అత్త మెడలోంచి కోడలి మెడలోకి రావాలి. పూసలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవి. మీరుండగా ఇంకొకళ్ళెందుకని నేనే పట్టుకొచ్చాను. మీ చేత్తో గుచ్చి పెట్టండి."

జైతూన్ బీ అగ్గిపెట్టె వంక చూసింది గానీ అందుకోలేదు.

"నేను లచ్చాలు మానేశాను వదినగారూ. శోభనాద్రిగారి దగ్గర మంచి పనివాళ్ళున్నారు. నబీతో చెప్పి గుచ్చిస్తాను."

"ఊరందరికీ మానేస్తే మానేశారు. మీ పిల్లకి కూడానా?"

"కళ్ళు ఆనడం లేదండీ."

బాజి తల్లి పళ్ళెం వైపు చూసింది. ఆవగింజల్లాంటి పూసలు. కళ్ళజోడు లేకుండా వాటిని మూడు సైజులుగా ఏరి మూడు కుప్పలు పోసుకుంది ఈ మనిషి. ఆవిడ గడుసుది కాబట్టి వాదించలేదు. టీ తాగి, వెళ్తూ వెళ్తూ అగ్గిపెట్టెని కిటికీ గూట్లో పెట్టింది.

"ఎవరు గుచ్చినా నాకొకటే వదినగారూ. పిల్లకి ఒకటేనో కాదో మీరే చూసుకోండి."

తలుపు వెనక జహీదా ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. తల్లి లోపలికొచ్చి తనతో ఏదో ఒకటి అంటుందని చూసింది. జైతూన్ బీ లోపలికి రాలేదు. మళ్ళీ పూసలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

*

నగలు ఎంచాలంటే ఆ వీధిలో సౌభాగ్యమ్మ ఉండాలి. చిత్రమేమిటంటే సౌభాగ్యమ్మ మెడలో దారప్పోగు కూడా ఉండదు. ఇరవై ఏళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్ననాడు చెవులవీ ముక్కుదీ మెడలోదీ అన్నీ ఒలిచేసి, తెల్లచీర కట్టుకుని బైబిలు చంకలో పెట్టుకున్న మనిషి. అయినా ఎవరింట పెళ్ళి జరిగినా ఏ ముక్కుపుడక ఏ మొహానికి నప్పుతుందో ఆవిడే చెప్పాలి. పక్కిల్లే కాబట్టి మర్నాడు జహీదా ఆవిణ్ణి వెంటేసుకుని శోభనాద్రిగారి కొట్టుకి వెళ్ళింది. గుచ్చేవాళ్ళ పనితనం చూసి, ఎవరిది నచ్చితే వాళ్ళకి గుండ్లు ఇద్దామని.

కొట్లో కుర్రాళ్ళు గుడ్డ పరిచి లచ్చాలు వరసగా పెట్టారు.

"ఇది చూడవే, ఎంత ముద్దుగా ఉందో" అంది సౌభాగ్యమ్మ.

"పూసలు ఏరలేదు అత్తయ్యా. చిన్నా పెద్దా కలిపేశారు."

"పోనీ ఇది?"

"పేటలు బిగుతుగా ఉన్నాయి. మెడ తిప్పితే పట్టేస్తుంది."

"ఇదిగో, దీనికి వంక పెట్టు చూద్దాం."

జహీదా దాన్ని మెడ మీద ఆనించుకుని చూసి తీసేసింది. "ముడి దగ్గర తీగ గుచ్చుకుంటోంది."

పది చూశారు, ఇరవై చూశారు. కొట్టువాళ్ళు విసుక్కోలేదు గానీ సౌభాగ్యమ్మ విసుక్కుంది. బయటికి తీసుకొచ్చి, సోడాబండి నీడలో నిలబెట్టి మొహంలోకి చూసింది.

"నీక్కావలసింది లచ్చా కాదే. మీ అమ్మ."

జహీదా ఏడుపు ఆపుకుందామని చూసింది, ఆగలేదు. నడిరోడ్డు మీద ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"బాప్తిస్మం రోజున అన్నీ తేలిగ్గా తీసేశానే నేను" అంది సౌభాగ్యమ్మ. "మా అమ్మ పెట్టిన చెవిపోగులు తీసేటప్పుడు మాత్రం చెయ్యి కదల్లేదు. గోరంత బంగారం కూడా ఉండదు వాటిలో. పాస్టరుగారు గట్టు మీద నిలబడి ఉన్నారు, నేను చెవులు పట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మని అడుగు. నిలదీసి అడుగు. రెండేళ్ళుగా మీ ఇంట్లో అందరూ ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు ఏడుస్తున్నారు. గోడ ఇవతల నాకు వినిపిస్తుంది."

*

జహీదా ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. తల్లి వంటింట్లో ఉంది. జహీదా నేరుగా గదిలోకి వెళ్ళి ఇనప్పెట్టె తెరిచింది. అడుగున బిస్కెట్ల డబ్బా, డబ్బాలో ఆకుపచ్చ గుడ్డ, గుడ్డలో ఉప్పెన తరవాత నబీ తెచ్చిన అక్క లచ్చా. ప్రతి గురువారం సాయంత్రం తల్లి ఆ డబ్బా ముందర ఊదొత్తి వెలిగించి, పోయిన కూతురి పేరున ఫాతిహా చదివి, మళ్ళీ పెట్టెలో పెట్టేస్తుంది. రెండేళ్ళలో జహీదా దాన్ని చేత్తో తాకడం ఇదే మొదలు.

వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"అమ్మా, నువ్వు కొత్తది గుచ్చొద్దులే. నేను అక్కది వేసుకుంటాను. అత్తగారి గుండ్లు దీనికే ఎక్కిస్తే సరిపోతుంది."

జైతూన్ బీ వెనక్కి తిరిగి చూసి గరిటె వదిలేసింది. గబగబా వచ్చి కూతురి చేతిలోంచి లచ్చాని లాక్కుంది.

"ఇది వద్దు."

"ఏం? పోయినవాళ్ళది పెళ్ళికూతురు వేసుకోకూడదనా?"

"వద్దన్నాను కదా."

"నువ్వు గుచ్చవు. అక్క కోసం నువ్వు గుచ్చింది వేసుకుంటానంటే ఒప్పుకోవు. నేనేం చెయ్యనమ్మా? కొట్లో గుడ్డ మీద పరిచినవి ఎవరో ఎవరికోసమో గుచ్చినవి. అక్కకి గుచ్చేటప్పుడు నువ్వు మూడు రోజులు పూసలు ఏరావు. నేను పక్కన కూర్చుని చూశాను. నాకు కూడా అలా గుచ్చుతావని అప్పుడే అనుకున్నాను. పదహారేళ్ళు నాకప్పుడు. ఉప్పెనలో పోయింది అక్క ఒక్కతేననుకున్నాను, ఈ ఇంట్లో నేను కూడా పోయానని ఇప్పుడు తెలుస్తోంది."

నబీ అప్పుడే వచ్చి పెరటి గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెల్లెలి గొంతు విని చెంబు పట్టుకునే లోపలికొచ్చాడు.

"ఏమిటే ఆ మాటలు? పెళ్ళి ముందు..."

"నువ్వయినా చెప్పన్నయ్యా! అక్కది నేను వేసుకోకూడదా? నీ చేత్తో తీసుకొచ్చావు కదా దాన్ని!"

నబీ లచ్చా వైపు చూసి, చూపు తిప్పుకుని నేలని చూశాడు. జైతూన్ బీ కొడుకుని చూసింది. చాలాసేపు చూసింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది.

"ఇది మీ అక్కది కాదమ్మా" అంది చివరికి.

నబీ చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు కారిపోయాయి.

జైతూన్ బీ లచ్చాని వెలుతురుకి పట్టుకుని, ఐదు పేటలూ కలిసేచోట తీగ ముడిని వేలితో చూపించింది. "అందరూ తీగని కుడికి తిప్పుతారు. నాది ఎడంచెయ్యి కదా, నాది ఎడమకి తిరుగుతుంది. నేను కావాలని తిప్పేది కాదు, నా చేతికి అలాగే వస్తుంది. ఇది కుడికి తిరిగింది. నా చేతిలో పెట్టిన క్షణమే వేలికి తెలిసింది."

"అమ్మా..." అన్నాడు నబీ. గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు. గిల్టు నీళ్ళ మరకలున్న చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. జహీదాకి అన్నయ్య ఏడవడం చూడటం అదే మొదటిసారి. ఉప్పెన రోజుల్లో కూడా అతను ఏడవలేదు.

"ఆరు రోజులు తిరిగానమ్మా. అక్క వాళ్ళ ఇల్లున్నచోట ఇసక తప్ప ఏమీ లేదు. బావ గానీ అత్తామామలు గానీ ఒక్కళ్ళూ దొరకలేదు. ఆరో రోజు కరకట్ట పక్కన తుమ్మచెట్ల కింద ఒకమ్మాయి కనపడింది. మొహం పోల్చుకునేట్టు లేదు. మెడలో ఐదు పేటల నల్లపూసలున్నాయి. మన లచ్చాయే అనుకున్నాను. అనుకోవాలనిపించింది. అక్కడే ఇద్దరు సాయం పట్టారు, మట్టి తీసి పడుకోబెట్టాం. పడుకోబెట్టాక తెలిసిపోయింది. ఆ అమ్మాయి పొడగరి. అక్క నా భుజం దాకా కూడా రాదు కదా."

"మరి అక్కేనని ఎందుకు చెప్పావన్నయ్యా?"

"అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంటుందే జహీదా. నేను వెళ్ళినప్పుడు కూర్చుంది, వచ్చేసరికీ అలాగే కూర్చుని ఉంటుందని తెలుసు. ఖాళీ చేతులతో ఈ వీధి మలుపు తిరగలేకపోయాను."

జైతూన్ బీ వెళ్ళి కొడుకు పక్కన కింద కూర్చుంది. అతని తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడికి రావడానికి రెండేళ్ళు పట్టింది.

"తెలిసి కూడా నన్నెందుకు అడగలేదమ్మా?"

"నీ మొహం చూశాను నాయనా. ఇంకొక్క మాట అడిగితే అక్కడే పడిపోయేలా ఉన్నావు. నేను నమ్మానంటే నువ్వు నిలబడతావనిపించింది. సరే, నమ్మినట్టే ఉండిపోయాను. ఆ తరవాత ఎప్పుడు చెబుదామన్నా నోరు రాలేదు."

ఆ తల్లి కొడుకు కోసం నమ్మినట్టు నటించింది, ఆ కొడుకు తల్లి కోసం అబద్ధమాడాడు. ఒకే చూరు కింద, ఒకే కుండలో అన్నం తింటూ ఇద్దరూ రెండేళ్ళు ఒంటరిగా బతికారు. ప్రేమ ఉన్నచోటే ఇలాంటి పిచ్చిపనులు జరుగుతాయి కాబోలు.

"లచ్చాలు ఎందుకు మానేశానో కూడా విను" అంది జైతూన్ బీ కూతురితో. "ఆ బక్రీదుకి మూడు రోజుల ముందు ఉప్పెన వచ్చింది. దానికి ముందు వారం అక్క కార్డు రాసింది, శుక్రవారం బయల్దేరి రానా అమ్మా అని. అప్పుడు నా ఒళ్ళో రెండు లచ్చాలున్నాయి, పండగ దాటగానే పెళ్ళిళ్ళు. పిల్ల వస్తే పని సాగదని ఆదివారం రమ్మన్నాను. శనివారం సముద్రం వచ్చింది. ఎవరి పిల్లల పెళ్ళికో పూసలు గుచ్చుకుంటూ నా పిల్లని ఆదివారం రమ్మన్నానమ్మా. ఇంక ఆ పూసలు ఎలా పట్టుకోను?"

"ఆ జవాబు కార్డు రాసింది నేను" అంది జహీదా.

తల్లీ అన్నయ్యా తలెత్తి చూశారు.

"నువ్వు చెప్పావు, నేను రాశాను. ఆదివారం అన్న మాట నా చేత్తోనే రాశాను. అమ్మా, శుక్రవారమే రానీ అందామనుకుని కూడా ఊరుకున్నాను. అక్క వస్తే నా మంచం అక్కకివ్వాలి. అందుకని ఊరుకున్నాను." తల్లి రెండో చెయ్యి చాచింది.

పప్పు మాడిపోయింది. ఆ పూట ముగ్గురూ అన్నం తినలేదు. గోడ అవతల సౌభాగ్యమ్మ విన్నదో ఏమో, రెండింటికి ఒక గిన్నెలో చారన్నం తెచ్చి అరుగు మీద పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం దాకా జైతూన్ బీ ఆ లచ్చాని ఒళ్ళో పెట్టుకునే ఉంది. అప్పుడు ఆమెకి ఇంకో సంగతి తట్టింది. తట్టగానే భయపడిపోయింది.

"నబీ, రెండేళ్ళుగా ఈ నల్లపూసల ముందర జోహ్రా పేరు చెప్పి ఫాతిహా చదివాను. మరి ఈ పిల్లకో? ఈ పిల్లకి కూడా ఒక తల్లి ఉంటుందిగా. తన పేరు తలుచుకునేవాళ్ళు లేకుండా రెండేళ్ళు ఈ పిల్లని మన పెట్టెలో పెట్టి తాళం వేశాను." లచ్చాని గుడ్డలో చుట్టి అంది, "రేపు నన్ను అక్కడికి తీసుకెళ్ళు."

*

చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి ఇంకో బస్సు, దిగాక ఒక గంట నడక. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు జైతూన్ బీ కిటికీ వైపు చూడలేదు. చేలు పచ్చగా ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఇక్కడ ఏం జరిగిందో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అదే ఆమెకి కష్టంగా అనిపించింది.

కరకట్ట పక్కన తుమ్మచెట్లు మళ్ళీ చిగిర్చాయి. మట్టి దిబ్బ ఎప్పుడో నేలతో కలిసిపోయింది. తలవైపు తను పాతిన ఇటుకని బట్టి నబీ చోటు పోల్చుకున్నాడు. తను కొంచెం దూరంలో ఆగి తల్లిని వెళ్ళనిచ్చాడు.

జైతూన్ బీ కూర్చుంది. ఏం చెప్పాలో మొదట తెలియలేదు. ఇటుక మీద మన్ను తుడిచింది.

"నీ పూసలు నా దగ్గరున్నాయమ్మా" అంది. "భద్రంగా ఉన్నాయి. నీ పేరు నాకు తెలియదు. నువ్వు మావాళ్ళ పిల్లవో, ఇంకెవరి పిల్లవో కూడా తెలియదు. నల్లపూసలు అందరూ వేసుకుంటారు కదా. మా నబీ నిన్ను అక్కా అనుకునే పడుకోబెట్టాడు. ఏమీ అనుకోకు." అంతవరకూ మామూలుగానే అంది. ఆ తరవాత "మా జోహ్రా నీకెక్కడైనా కనిపించిందా తల్లీ?" అని అడిగి, ఆ మాటకి తనే తట్టుకోలేక నేల మీద వాలిపోయి ఏడ్చింది. కూతురు పోయాక ఆమె నోరు తెరుచుకుని ఏడవడం అదే మొదలు. జోహ్రా కోసం ఏడవడానికి ఒక చోటంటూ లేదు. అందుకే ఇక్కడే ఏడ్చింది.

గేదెల్ని తోలుకుని వెళ్తున్న ఒక ముసలాయన ఆగాడు.

"ఎవరి కోసమమ్మా?"

"మా అమ్మాయి కోసమండీ" అంది జైతూన్ బీ కళ్ళు తుడుచుకుంటూ. ఆ మాట ఎవరి గురించి అన్నదో ఆమెకే తెలియదు. "ఇటు ఎవరైనా తల్లి వచ్చి వెతుక్కుందాండీ? పొడుగ్గా ఉండే పిల్ల కోసం?"

"మొదట్లో చాలామంది వచ్చేవారమ్మా. ఎవరికి ఎవరు దొరికారో మాకేం తెలుస్తుంది? ఇప్పుడు తగ్గిపోయారు."

జైతూన్ బీ అతనికి తన ఊరూ వీధీ చెప్పింది. రెండుసార్లు చెప్పింది. ఎవరైనా వస్తే పంపమంది. ముసలాయన సరేనన్నాడు. ఎవరూ రారని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

*

మర్నాడు పొద్దున ఆరింటికి జైతూన్ బీ అరుగు మీద చాప పరిచింది. గూట్లోంచి అగ్గిపెట్టె తీసింది. "జహీదా, ఇలా వచ్చి కూర్చో. పూసలు నువ్వే ఎంచు" అని పిలిచింది.

మూడు రోజులు పట్టింది. ఎన్ని పూసలు ఏరారో, ఎన్ని పక్కన పడేశారో లెక్కలేదు. గుచ్చుతున్నంతసేపూ జైతూన్ బీ పెద్దకూతురి సంగతులు చెబుతూనే ఉంది. జోహ్రా కుక్కని చూసి చెరువులో దూకడం, జోహ్రా బందరు హల్వా దొంగతనంగా తిని నబీ మీద చెప్పడం. జహీదా నవ్వింది. పక్కింటి గోడ మీద నుంచి సౌభాగ్యమ్మ కూడా నవ్వింది. నబీ మూడోరోజు పనికి ఆలస్యంగా వెళ్ళాడు. హల్వా తిన్నది నిజంగా తనేనని ఒప్పుకున్నాడు.

శనివారం చివరి ముడి పడింది. తీగ ఎడమకి తిరిగింది. జైతూన్ బీ దాన్ని గోటితో నొక్కి, కూతురి మెడ మీద ఆనించి, ఎక్కడా గుచ్చుకోవడం లేదని నమ్మకం కుదిరేదాకా నాలుగుసార్లు చూసింది.

పెట్టెలోని ఆ పిల్ల లచ్చాని ఏం చేస్తావని నబీ అడిగాడు. "ముడి విప్పి కొత్తగా గుచ్చుదామా అమ్మా? తీగ కిలుం పట్టింది."

"విప్పొద్దు. ఎవరో కుడిచేత్తో వేసిన ముడి అది. ఆ తల్లి ఎప్పుడైనా ఈ వీధిలోకి వస్తే గుర్తుపట్టొద్దూ?" అంది. అరుగు మీద తను కూర్చునేచోట, దారినపోయేవాళ్ళకి కనిపించేలా గోడకి మేకు కొట్టి దానికి తగిలించింది.

శుక్రవారం నిఖా జరిగింది. బాజి తల్లి కోడలి మెడలో లచ్చా కట్టి, ముడిని వేళ్ళతో తడిమి, జైతూన్ బీ వంక చూసి తల ఊపింది. మర్నాడు సాయంత్రం బండికి గుడివాడ ప్రయాణం. స్టేషన్లో సౌభాగ్యమ్మ ఏడుస్తూనే పెళ్ళికూతురి ముక్కుపుడక సరిచేసింది. పెట్టెలు ఎక్కించారు. బండి కూత వేసింది. జహీదా కిటికీలోంచి చెయ్యి చాపి తల్లి వేళ్ళు పట్టుకుంది. ఏ ఆడపిల్లయినా అడిగేదే అడిగింది.

"మళ్ళీ ఎప్పుడు రానమ్మా?"

అడిగాక గానీ ఏం అడిగిందో ఆమెకి అర్థం కాలేదు. నబీ మొహం అటు తిప్పుకున్నాడు.

జైతూన్ బీ కిటికీ చువ్వలకి దగ్గరగా వచ్చింది.

"అది నన్ను అడక్కు తల్లీ. ఇంకెప్పుడూ అడక్కు. నీకు రావాలనిపించిన క్షణం బయల్దేరి రా. నా ఒళ్ళో ఎన్ని పూసలున్నా కింద పారబోసి లేస్తాను."

బండి కదిలింది. ఆమె బండితోపాటు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇల్లు బోసిగా ఉంది. జైతూన్ బీ అలవాటుగా మూడు కంచాలు పెట్టి, ఒకటి తీసేసింది. నబీకి వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా నాయనా?"

నబీ రెండు ముద్దలు తిన్నాడు. తల్లి మొహంలోకి చూశాడు.

"లేదమ్మా. ఎక్కువైంది. రెండేళ్ళుగా ఎక్కువే వేస్తున్నావు."

జైతూన్ బీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కొడుక్కి ముందు అర్థం కాలేదు. ఆమె అతని కంచంలోకి ఇంకొంచెం వట్టి అన్నం వేసి, కలుపుకోమంది.